ఆ ఫొటోలో మా పెద్దమ్మ నవ్వడం లేదు

మా పెద్దమ్మ ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరి వాళ్లకి వినపడుతుంది. నూలు మిల్లులో యంత్రాల రొదలో వినపడేలా అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది, చెవులు సగం పోయాయి. "పెద్దమ్మా, పక్కనే ఉన్నాం, మెల్లగా!" అని మేం ఆటపట్టించేవాళ్లం.

యుద్ధం రోజుల్లో ఆ మిల్లు రాత్రింబవళ్లు నడిచింది. నూలు వడకడం దేశసేవ అన్నారు, సమ్మె దేశద్రోహం అన్నారు. పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా షెడ్డు తలుపులకి బయటనుంచి తాళాలు వేశారు. దేశసేవకి తాళమెందుకని అడిగిన నాథుడు లేడు. ఒక మధ్యాహ్నం దూదికి నిప్పంటుకుంది. తాళంచెవి మేనేజరు దగ్గరుంది, మేనేజరు భోజనానికి వెళ్లాడు. తాళం పగలగొట్టేసరికి మా పిన్ని, పెద్దమ్మకి ఆఖరి చెల్లెలు, పొగలో పోయింది. ఇంకా పెళ్లీడైనా రాని పిల్ల. నిప్పు ఎవరు పెట్టారని కూలివాళ్లనే నిలదీశారు గాని తాళం ఎవరు వేశారని ఒక్కరూ అడగలేదు. సిగ్గులేని జాతి!

మర్నాడు ఆడవాళ్లంతా గేటు ముందు నిలబడ్డారు. "తలుపులు తియ్యండి!" అన్నదొక్కటే మాట. ముందు వరసలో పెద్దమ్మ, పిడికిలెత్తి, నోరంతా తెరిచి. ఒక పత్రికాయన ఫొటో తీశాడు గాని అచ్చు వెయ్యనివ్వలేదు. ఒళ్లు హూనమయ్యేలా లాఠీలు తిన్నాకే తాళాలు ఊడాయి. యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత బయటి దేశాల చవక బట్ట ఓడల్లో దిగింది, మిల్లు మూతపడింది. ఇప్పుడక్కడ అద్దాల షాపింగ్ మాల్ లేచింది.

ఏ పాత పెట్టెలోంచి తీశారో, అందులో గోడంత ఎత్తున ఆ ఫొటో! కింద పెద్దక్షరాలతో "ఆనాటి కార్మికుల ఆనందం".

పెద్దమ్మ మాల్ మేనేజరు దగ్గరికి వెళ్లింది. వెంట నేనున్నాను.

"నాయనా, అది నవ్వు కాదు. మా చెల్లి చచ్చిన మర్నాడది. తాళమేసిన తలుపుల వెనక చచ్చిపోయిందని రాయించు, చాలు."

"భలేవారే మామ్మగారూ! ఎంత కళగా ఉన్నారో చూడండి, జనం సెల్ఫీలు దిగుతున్నారు. కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ! పుండు మీద కారం చల్లడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దమ్మ తాగలేదు. రోజూ వెళ్లి ఆ ఫొటో కింద నిలబడి, వచ్చేపోయే వాళ్లకి చెల్లెలి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. చెప్పుల కొట్టు ముందు జనం బేరం మాని వినేవారు. కొట్లవాళ్లు మేనేజరుతో మొరపెట్టుకున్నారు.

నిన్న మేం వెళ్లేసరికి కాపలా అతను మమ్మల్ని చూసి గబగబా అద్దం తలుపు మూసి తాళం వేశాడు.

"మిమ్మల్ని రానివ్వొద్దన్నారు మామ్మా. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు లోపలినుంచి, తలెత్తకుండా.

అప్పుడు బయటికి రానివ్వలేదు, ఇప్పుడు లోపలికి రానివ్వరు. తాళం మాత్రం ఎప్పుడూ వాళ్ల చేతిలోనే!

పెద్దమ్మ పిడికిలెత్తింది. "తలుపులు తియ్యండి!"

అద్దం అదిరిపోయింది. లోపల మెట్ల మీద జనం ఆగిపోయారు. మెల్లగా అనమని నేను చెప్పలేదు. పక్కన నిలబడి నేనూ అరిచాను.