మా తోడికోడలికి నేను చెప్పిన సాక్ష్యం

నా పెళ్ళి ఫొటోల ఆల్బం మా ఇంట్లో ఎక్కడుందో ఎవరినడిగినా చెప్పలేరు. మా తోడికోడలి కాగితాలకు మాత్రం బీరువాలో ఏకంగా ఒక అర ఉంది. దాని తాళంచెవి మా అత్త కొంగున ఉంటుంది. ఆ అరలో ఆమె శ్రీలంక పాస్‌పోర్టు, దానికి లెక్కలేనన్ని జెరాక్సులు, వీసా పొడిగించిన కాగితాలు, నిఖా కాగితం, తెల్లగోడ ముందు నిలబెట్టి తీయించిన ఫొటోలు ఉంటాయి. నేను కొడవలూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నన్నెవరూ ఒక్క కాగితం అడగలేదు. అడిగి, తిరిగి, దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నదాని మీద ఉన్న గౌరవం ఊరికే వచ్చినదాని మీద ఉండదు. ఆ సంగతి నాకు ఆ బీరువానే నేర్పింది.

మాది విడవలూరు వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మేము ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిములం. పరుపులు, దిండ్లు కుట్టడం మా మామ చేసిన పని, ఇప్పుడు మా ఆయన చేస్తున్నాడు. మా మరిది గల్ఫులో డ్రైవరుగా ఉన్నప్పుడు అక్కడ బట్టలు కుట్టే షాపులో పనిచేసే శ్రీలంక అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఒకరోజు గల్ఫు మానేసి, చెప్పాపెట్టకుండా మా వాకిట్లో ఆటో ఆపి ఆమెను దించాడు. నేనప్పటికి ఇంటికి పెద్దకోడలిని. వచ్చేది ఎవరైనా నా వెనకాలే కదా నిలబడాలి అని ధైర్యంగా ఉన్నాను.

మా అత్త మొదటిరోజు ఏడ్చింది. రెండోరోజు ముఖం తిప్పుకుంది. ఆ మర్నాడు ఆ పిల్ల సేమ్యాలా సన్నగా పిండి ఒత్తి ఆవిరిపట్టి, పక్కన కొబ్బరి, ఎండుమిరపకాయ కలిపి నూరిన పచ్చడి పెట్టింది. మా అత్త రెండుసార్లు వడ్డించుకుని, “పరాయి దేశం పిల్ల, పాపం” అంది. ఆ పాపం అన్న మాటే నా కొంప ముంచింది. నా చేపల పులుసులో మామిడికాయ ముక్క ఎక్కువైందని అన్నేళ్ళు వంక పెట్టిన మనిషి, ఆమె కూరలో ఉప్పు లేకపోతే లేచి వెళ్ళి తనే తెచ్చుకుని వేసుకునేది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. కొత్త అయితే ఏడాదికి పాతబడాలి. ఈమె పాతబడలేదు, ఎందుకంటే ఆమె వీసా పాతబడేది. గడువు దగ్గర పడుతుందనగానే ఇంట్లో ఆమె మళ్ళీ కొత్తకోడలు.

నెల్లూరులో జిల్లా ఆఫీసుకు వెళ్ళే రోజు మా ఇంట్లో పండగే. అందరికంటే ముందు ఆమెకు వేడినీళ్ళు. మా అత్త దర్గాలో మొక్కుకుని దారం తెచ్చి కట్టేది. మా ఆయన దుకాణం మూసి మరీ వెంట వెళ్ళేవాడు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ రెండు కాన్పులకూ నేను ఆస్పత్రికి షేర్ ఆటోలోనే పోయాను. ఆ కోపం ఎవరి మీద చూపించను? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు గిన్నెలు తోమేటప్పుడు చూపించేదాన్ని. మా ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు.

ఇక్కడి మనిషిని పెళ్ళి చేసుకుని ఏడేళ్ళు ఇక్కడే కాపురముంటే ఈ దేశపు పౌరసత్వానికి అడగవచ్చట. ఏడేళ్ళు నిండగానే నెట్ సెంటరులో కూర్చుని దరఖాస్తు పెట్టారు. ఆ తర్వాత విచారణకు ఒకాయన ఇంటికి వస్తాడని, ఇరుగుపొరుగును అడుగుతాడని చెప్పారు. ఎప్పుడు వస్తాడో మాత్రం చెప్పలేదు. ఆ వేసవితో ఆమె వీసా గడువు అయిపోతుంది. విచారణలో తేడా వస్తే దరఖాస్తు పోతుంది, వీసా పొడిగించడమూ కష్టమే. అప్పుడు ఆమె వెళ్ళిపోవాలి. ఆమెకొక కూతురు. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడి పిల్లే. తల్లి పోవాలి, పిల్ల ఉండాలి. ఇంట్లో అందరికీ నిద్రపట్టని సంగతి ఇదే.

విచారణకు ఆయన వచ్చిన రోజు మేమందరం పెళ్ళికని కావలి వెళ్ళాం. ఇంటికి తాళం.

ఇక్కడ మా వీధి మర్యాద ఒకటి చెప్పాలి. ప్యాంటులో చొక్కా దోపుకుని, బూట్లు వేసుకుని, చేతిలో ఫైలుతో ఎవరైనా వచ్చి ఫలానా మనిషి ఇల్లెక్కడ అని అడిగితే, మా వీధిలో ఆ ఫలానా మనిషి పుట్టనే లేదు. కిస్తీలు కట్టని బైకు కోసం వచ్చినవాళ్ళకు, కేసుల కోసం వచ్చినవాళ్ళకు అందరికీ ఒకటే జవాబు. హిందువులూ, ముస్లిములూ, చర్చివాళ్ళూ అందరూ కలిసి పాటించే ఆచారం మా వీధిలో ఏదైనా ఉందంటే అది ఇదే.

మేము సాయంత్రం ఆటో దిగేసరికి ఎదురింటి ముసలమ్మ వాకిట్లో కాచుకుని ఉంది. మా తోడికోడలు జాకెట్లు కుట్టిపెట్టేది ఆమె కోడళ్ళకే. ముఖం వెలిగిపోతోంది.

“ఏమ్మే, ఎవురో వచ్చినాడు మీ పిల్ల కోసం. పోలీసోడి వాలకం. శ్రీలంక ఆమె ఈడుందా అంటాడు. శ్రీలంకా? ఆ ఊరు పేరే యినలే సార్, అట్టాంటోళ్ళు ఈ వీధిలో ఎవురూ లేరు అని చెప్పేసినా.”

పక్కింటాయన అందుకున్నాడు. “నన్ను ఫొటో చూపించి మరీ అడిగినాడు. ఈమెను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదన్నా.”

“వీధి వీధంతా ఒకటే మాట మీద నిలబడినాం. కాపాడుకున్నాంలే మీ పిల్లని” అంది ముసలమ్మ.

మా అత్త అక్కడే అరుగు మీద కూలబడింది. మా తోడికోడలు తన కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు మొదట వచ్చింది ఏమిటో ఉన్నదున్నట్టు చెబుతాను. జాలి కాదు, కుళ్ళు. ఆమె కోసం వీధంతా కట్టకట్టుకుని అబద్ధమాడింది. నా కోసం ఈ వీధి ఎప్పుడైనా ఒక్క అబద్ధమాడిందా? నేనెక్కడున్నానని మా అత్త గుమ్మంలోంచి ఒక్క కేక వేస్తే చాలు, “అదో, ఆ కొళాయి కాడ కతలు చెప్తా ఉండాది” అని వేలు పెట్టి చూపిస్తారు. చెప్పడమే కాదు, ఎంతసేపటి నుంచి చెబుతున్నానో కూడా చెబుతారు.

కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. ఇచ్చిన చిరునామాలో దరఖాస్తుదారు నివసిస్తున్నట్టు తేలలేదని, వచ్చి వివరణ ఇవ్వమని. మా మరిది వీధిలో ఇంటింటికీ తిరిగి, ఒక్కరైనా వచ్చి నిజం చెప్పమని బతిమాలాడు. తెలియదన్న నోటితోనే తెలుసని ఎట్లా చెబుతామని అందరూ జంకారు. మొగుడు చెబితే చెల్లదన్నారు, మొగుడి అన్న మాటా అంతేనన్నారు. మా అత్తకు మోకాళ్ళ నొప్పి, ఆ ఆఫీసు మెట్లెక్కలేదు.

“నువ్వే పోవాల” అంది నాతో. అది అడగడం కాదు, ఆజ్ఞా కాదు. అట్లాంటి గొంతు నేను ఆమె దగ్గర అంతవరకూ వినలేదు.

మంచితనంతో వెళ్ళాననుకోకండి. ఎదురుగా ఉన్న మనిషి మీదే ఇన్ని పాపంలు విన్నాను. ఆమె వెళ్ళిపోతే ఇక నేను బతికినన్నాళ్ళూ ఆ మాటే వినాలి. లేని మనిషితో పోటీపడి గెలిచినవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? అందుకని వెళ్ళాను.

ఆఫీసులో అద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని కూర్చోమన్నాడు. మా తోడికోడలు కుర్చీ అంచున కూర్చుంది. ఆయన నన్ను అడిగాడు.

“ఈమె మీకు తెలుసునా?”

“తెలుసు సార్. నా తోడికోడలు.”

“ఏడేళ్ళుగా ఈడే ఉంటాందని మీరెట్టా చెప్పగలరు? మధ్యలో పాస్‌పోర్టులో ముద్ర పడకుండా పడవలో సొంత దేశం పోయుండొచ్చు. నెలల తరబడి ఆడే ఉండి, వీసా పనికి మాత్రం వచ్చుండొచ్చు.”

ఆ మాటతో నాకు ఎక్కడో కాలింది.

“ఎక్కడికి పోద్ది సార్! ఒక్కసారన్నా పోయుంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది కదా!”

ఆయన తలెత్తి చూశాడు. మా తోడికోడలు కూడా చూసింది. ఇక ఆగడం నా వల్ల కాలేదు. ఆమె వచ్చిన ఏడాది నా గది తీసి ఆమెకిచ్చి, నన్ను పత్తి బస్తాల గదిలోకి తోసిన సంగతి చెప్పాను. ఆ మరుసటి రంజానుకు మా అత్త నాకు నూలు చీర, ఆమెకు పట్టంచు చీర తెచ్చిన సంగతి చెప్పాను. పెద్ద తుఫానుకు ఇంటి రేకులు లేచిపోయినప్పుడు మా ఆయన ముందుగా ఎవరి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టాడో చెప్పాను. ఆమె కూతురు పుట్టినప్పుడు నలభై దినాలూ మా అత్త స్వయంగా కాచిన మిరియాల చారు చెప్పాను. నా పెద్దది వాళ్ళ పిన్నమ్మ జడ వేస్తేనే బడికి పోతానని మొండికేసింది ఏ తరగతిలోనో చెప్పాను. పక్కన టైపు చేస్తున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

“ఏ పండక్కన్నా పోతాదేమోనని కనిపెట్టుకోని కూర్చున్నా సార్. పోలే. మా మరిదితో పోట్లాడినప్పుడన్నా పోతాదేమో అనుకున్నా. పోలే. వాళ్ళమ్మ చచ్చిపోయిందని ఫోనొచ్చినప్పుడు మా అత్త దాన్ని వొళ్ళో పడుకోబెట్టుకోని రెండు దినాలు లేవలే. నాకొక్క ముద్ద పెట్టే దిక్కు లేదు ఆ ఇంట్లో. అప్పుడన్నా పోతాదనుకున్నా సార్. అప్పుడు కూడా పోలే.”

ఆ చివరి మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక నా చెవికి వినపడింది. మా తోడికోడలు తల వంచుకుని పైట అంచు మడత పెడుతోంది.

పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “తల్లి పోతే కూడా ఎందుకు పోలేదమ్మా?” అని ఆమెనే అడిగాడు.

“పోతే ఏడేళ్ళ లెక్క తెగిపోద్దేమోనని భయం సార్. మళ్ళీ రానిస్తారో లేదో. పాప చంటిపిల్ల” అంది ఆమె. అచ్చం మా నెల్లూరు మాట.

ఆయన నేను చెప్పినదంతా టైపు చేయించలేదు. నాలుగు ముక్కలు రాయించి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. మళ్ళీ మనిషిని పంపిస్తామని, ఈసారి ఇంట్లో ఉండమని చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే. కోవూరు దాటాక ఆమే అంది.

“అక్కా, నీకొకటి చెప్తా, కోప్పడవద్దు. నువ్వు అత్తతో అలిగి సంచి సర్దుకోని కొడవలూరు బస్సెక్కుతావు చూడు, అప్పుడు నీ మీద నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో. ఎన్నిసార్లు పోయినావో నేను కూడా చెప్పగలను.”

అలగడం కూడా ఒక భాగ్యమేనని, ఆ భాగ్యాన్ని చూసి ఏడ్చే మనిషి నా పక్క గదిలోనే ఉందని నాకెవరు చెప్పారు? “గాలి ఎక్కువగా కొడతా ఉండాది, ఇటు జరిగి కూర్చో” అన్నాను.

రెండోసారి విచారణకు ఆయన వచ్చినప్పుడు మా వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిజమే చెప్పింది. ఎదురింటి ముసలమ్మ అయితే కోడళ్ళ జాకెట్లన్నీ తెచ్చి ఆయన ముందు పరిచింది. ఈలోగా వీసా ఇంకోసారి పొడిగించారు. చాలా నెలలకు, ఒప్పుకున్నామని కబురు వచ్చింది. ఆమె తన పాత దేశాన్ని వదులుకున్నట్టు కాగితం తెచ్చి ఇచ్చింది. కలెక్టరాఫీసులో నిలబడి ప్రమాణం చదివింది. మా అత్త వీధంతా సేమ్యా పాయసం పంచింది. ఆ రోజు అందరూ నవ్వుతుంటే నాకొకటే తోచింది. ఇక వాళ్ళమ్మ సమాధి చూడాలన్నా ఈమె వీసా అడగాలి. తన పుట్టింటికి తను పరాయి దేశపు మనిషి.

ఆ తర్వాత పదిరోజులు కాకముందే మా అత్త మళ్ళీ నా పులుసుకు వంక పెట్టింది. నేను సంచి సర్దుకుని బస్టాపుకు నడిచాను. బస్సు వచ్చేవేళకు వెనక నుంచి చెప్పుల చప్పుడు. మా తోడికోడలు, ఒక చేత్తో కూతురు చెయ్యి, ఇంకో చేతిలో సంచి.

“నువ్వెందుకు?” అన్నాను.

“నేను కూడా అలిగినా” అంది.

“ఎవురి మీద?”

“ఇంకా అనుకోలే. ముందు పోదాం పద.”

కొడవలూరులో మా అమ్మ తలుపు తీసింది. నన్ను చూసింది, నా వెనక ఆమెను చూసింది. నన్ను దాటుకుని వచ్చి ఆమె చేతిలో సంచి అందుకుంది. “రా తల్లీ, ఎండనబడి వచ్చినావు. అన్నం తిన్నావా?” అంటూ భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది.

నేనింకా వాకిట్లోనే, చెప్పులు విప్పుకుంటూ ఉన్నాను.