నడుమ వదిలేసిన రాళ్ళబాట

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా దిక్కుకు బస్సు వేస్తారన్న మాట పుట్టింది. ఊరంతటికీ అది సంబరం. నాకు మాత్రం తిండి సయించలేదు. మా చర్చి బడిలో ఐదో తరగతి వరకే ఉండేది. హైస్కూలు జమ్మలమడుగులో, పది మైళ్ళ దూరం. అక్కడి హాస్టల్లో ఆడపిల్లలకు చోటు లేదన్నారు. నాయన ఒకటే మాట చెప్పాడు.

"బస్సొస్తే పంపిస్తా పాపా. రాకుంటే చేనికే."

మా నాయన మాటంటే మాటే. నేనెంత ఏడ్చినా మారదు. ఆ మొండితనం నాకూ వచ్చింది కాబట్టి ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా అందులో సగం నాకే తగులుతుంది.

మా ఇళ్ళు ఊరికి బయట, పెద్దబాట పక్కన, చర్చి చుట్టూ ఉండేవి. ఊరు అక్కడి నుంచి రెండు ఫర్లాంగులు లోపలికి. ఆ ఊరిని రెండిళ్ళు ఏలేవి. ఎగువన మీది వీధిలో ఉన్నాయన్ను మీదింటాయన అనీ, కింది వీధిలో ఉన్నాయన్ను కిందింటాయన అనీ పిలిచేవాళ్ళం. తాతల నాటి పగ. దేనికి మొదలైందో వాళ్ళకే గుర్తులేదని నా అనుమానం. ఒకరి ఇంట పెళ్ళికి పోయినవాడు ఇంకొకరి ఇంట చావుకు పోకూడదు. అంత పట్టింపు.

రవాణా ఆఫీసరు, బస్సు యజమాని కలిసి ఖాళీ బస్సులో వచ్చి దారి చూస్తారని కబురొచ్చింది. పెద్దబాట నుంచి ఊళ్ళోకొచ్చి, అటు చివర మళ్ళీ పెద్దబాట ఎక్కేంత దారి ఉంటే సరే. లేకుంటే బస్సును వంక అవతలి ఊళ్ళ మీదుగా వేస్తారు. మాది నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే బంక. అందుకే వీధిలో నాపరాళ్ళు పరచాలని తీర్మానించారు. మీదింటాయన పైకొస నుంచి, కిందింటాయన కిందికొస నుంచి పని మొదలుపెట్టించారు. రాళ్ళు మోసింది మాత్రం రెండు వైపులా మావాళ్ళే.

పని భజన గుడి దగ్గరికొచ్చి ఆగిపోయింది. మీది వీధి యాడ అయిపోతుందో, కింది వీధి యాడ మొదలవుతుందో ఎన్నడూ తేలని చోటు అది. బస్సంత పొడుగు మన్ను అట్లే మిగిలిపోయింది. అటు రాళ్ళు, ఇటు రాళ్ళు, నడుమ రేగడి. నాయన మీదింటాయన దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాళ్ళు మోస్తున్న అమ్మకు సద్దికూడు తెచ్చిన నేను పక్కనే ఉన్నాను.

"అయ్యా, రాళ్ళు మిగిలుండాయి. ఆ కాస్తా మేమే ఏసేస్తాం."

"నా రాయి వాని వీధిలో పడిందంటే నీ కాలిరుగుతాది."

కిందింటాయన కూడా అదే మాట వేరే విధంగా అన్నాడు. "నేను పరిచిన రాయి మీద వాడు బస్సెక్కి మీసం తిప్పల్లనా?" అని. నాయన తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆ రోజు నాకు నా కాళ్ళే కనిపించాయి.

మొక్కినా పడని వాన సరిగ్గా బస్సొచ్చే ముందురోజే పడింది.

బస్సు పైకొస నుంచి ఊళ్ళోకి వచ్చింది. డప్పులు కొట్టారు. మీదింటాయన కొబ్బరికాయ కొట్టి, ఆఫీసరు మెడలో దండ వేసి, తానూ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను బస్సు వెంటే పరుగెత్తాను. చక్రాల కింద నాపరాళ్ళు పటపటలాడుతుంటే నా పండ్లు గిట్టకరుచుకున్నాయి. రాళ్ళు బస్సు బరువుకు నిలిచాయి. భజన గుడి వచ్చింది. ముందు చక్రాలు మన్నులోకి దిగాయి. డ్రైవరు గట్టిగా తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోయాయి. డప్పులు వాటంతట అవే ఆగిపోయాయి.

తోసేసి ఉంటే అయిపోయేది. ఊళ్ళో అంతమంది మగవాళ్ళున్నారు. కానీ ఎటు తోయాలి? మీదింటాయన మనుషులు వెనక ఎద్దుల్ని కట్టారు. బస్సు తమ వీధి నుంచి వచ్చింది కాబట్టి తమ వీధికే రావాలట. కిందింటాయన మనుషులు ముందర ఎద్దుల్ని కట్టారు. వచ్చిన బస్సు తమ వీధి తొక్కకుండా పోతే తలవంపులట. రెండు వైపులా అదిలించారు. పాపం ఎద్దులు, అవి మటుకు నిజాయితీగా లాగాయి. బస్సు మూలిగింది గానీ కదల్లేదు. ముందరి మోకు తెగి ఎవరికో తగిలింది. ఆ వెంటనే కట్టెలు లేచాయి.

ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని తలుపులు వేసుకున్నారు. నేను భజన గుడి గోడకు అతుక్కుని ఉండిపోయాను. బస్సు యజమాని ఆఫీసరుతో అన్న మాట అక్కడే విన్నాను.

"ఈ ఊరు మనకొద్దు సార్. వంక అవతల దారే మేలు."

ఆ మాటతో తలలు పగులుతున్నాయన్న భయం కూడా పోయింది. వీళ్ళందరూ చస్తే చావనీ, నా బడి పోయింది అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నాకిప్పటికీ సిగ్గు లేదు.

ఆఫీసరు దండ తీసి బస్సులో పెట్టి, మోకాళ్ళదాకా బురదతో పెద్దబాటకు నడిచాడు. యజమాని తిట్టుకుంటూ వెంట పోయాడు. వాళ్ళ వెనక నేను. ఆఫీసరు మా చర్చి అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. అమ్మ చెంబు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది, ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తెలియక. ఆయనే లేచి పోయి చెంబు తీసుకుని గటగటా తాగాడు.

"ఈ ఊరికి బస్సెందుకయ్యా?" అని నాయన్ను అడిగాడు. నాయన నేల చూశాడు.

"బడికి సార్," అన్నాను. "బస్సొస్తేనే పంపిస్తానన్నాడు మా నాయన."

ఆఫీసరు నన్ను చూసి, మళ్ళీ నాయన్ను చూశాడు. "నిజమేనా?"

"నిజమే సార్." నాయన తలెత్తాడు. పెద్దవాళ్ళ ముందర, ఎవరూ అడగకుండా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట మాట్లాడాడు. "బస్సు ఊళ్ళోకి పోయేదెందుకు సార్? బాట ఈడనే ఉండాది. ఈడ గట్టి నేల. ఈడ నిలిపితే సాలు."

యజమాని నవ్వాడు. "ఊళ్ళో పెద్దలు వీళ్ళ ఇళ్ళ కాడికొచ్చి బస్సెక్కుతారా సార్?"

"అవసరమున్నవాళ్ళు వస్తారు," అన్నాడు ఆఫీసరు.

అంతకు మించి ఏమీ తేల్చకుండా, కొట్లాట సద్దుమణిగాక మావాళ్ళు బురదలోంచి తోసిన బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వేచి ఉండటం ఎంత చెడ్డదో నేను చెప్పలేను. బాట మీద దుమ్ము లేస్తే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. చివరికి ఒకాయన వచ్చి మా చర్చి ఎదురుగా ఒక కమ్మీ పాతి, దానికి రేకు తగిలించి పోయాడు. బస్సు అక్కడ నిలుస్తుంది. ఊళ్ళోకి పోదు.

మొదటి రోజు పొద్దున నాయన నా సంచి పట్టుకుని నిలబడి బుద్ధులు చెప్పాడు. "ఊళ్ళో పెద్దోళ్ళు ఎక్కితే లేసి నిలబడు. గొడవైందంటే రేపు బస్సూ లేదు, బడీ లేదు." సరేనన్నాను.

చెప్పి ముగించేలోపే ఇద్దరు పెద్దలూ వచ్చారు. కట్టెల కొట్లాట మీద కేసు నడుస్తోంది. ఆ రోజే జమ్మలమడుగులో వాయిదా. ఇద్దరూ కమ్మీకి అటొకరు ఇటొకరు, మొహాలు తిప్పుకుని నిలబడ్డారు.

బస్సు ఆగింది. ఒకరి వెనక ఒకరు ఎక్కడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. కండక్టరు విసుక్కుని, "ఎక్కు పాపా," అని నన్ను లోపలికి లాగాడు. పై ఊళ్ళ జనంతో బస్సు నిండి ఉంది. డ్రైవరు వెనక సీట్లో మాత్రం ఇద్దరికి చోటుంది. కూర్చున్నాను. విజిలు పడ్డాక గానీ వాళ్ళు ఎక్కలేదు. ముందు మీదింటాయన, వెంటనే కిందింటాయన.

మీదింటాయన నా పక్క సీటు చూశాడు, నన్ను చూశాడు. కిటికీ బయట నాయన లేలెమ్మని చేత్తో సైగ చేస్తున్నాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. లేవాలనే అనుకున్నాను. కానీ రాళ్ళు మోసి మోసి పుండుపడిన అమ్మ నెత్తి గుర్తొచ్చింది. కాళ్ళు నా మాట వినలేదు.

"కూర్చో పెద్దాయనా, చోటుండాది గదా," అన్నాడు కండక్టరు.

"అక్కర్లేదు."

కిందింటాయన్నూ అడిగాడు. ఆయనా అక్కర్లేదన్నాడు. నా పక్కన కూర్చోలేక, నన్ను లెమ్మనడానికి ఆ పరాయి జనం ముందు నోరు రాక, ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. గుంత వచ్చినప్పుడల్లా ఒకరి భుజం ఒకరికి తగిలింది. పది మైళ్ళూ నేను వణుకుతూనే కూర్చున్నాను.

సాయంత్రం బస్సు దిగేసరికి నాయన కమ్మీ దగ్గరే ఉన్నాడు. తిడతాడనుకున్నాను. సంచి అందుకుని ముందు నడిచాడు. ఇక బడికి పంపడేమోనని రాత్రంతా నాకు దిగులు.

తెల్లవారి మళ్ళీ బస్సు దగ్గరికి తీసుకుపోయాడు. ముందురోజు చెప్పిన బుద్ధులేవీ చెప్పలేదు. సంచి నా భుజానికి తగిలించి, "పోయి కూచో," అన్నాడు.