మోకాలికి తరుగుదల లేదు

విజయవాడ పటమటలో నా టాక్సు ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ లేదు. నా క్లయింటయిన ఒక కబడ్డీ ఆటగాడు వచ్చిన ప్రతిసారీ కుర్చీలో కూర్చుని, కుడికాలు ముందుకు చాపి, ఒక నిమిషం పాటు గట్టిగా ఊపిరి పీల్చుకునేవాడు. ఆయాసమనుకునేదాన్ని. టీవీలో కనిపించే ఆటగాడికి రెండంతస్తులకే ఆయాసమేమిటని ఒకసారి ఎగతాళి కూడా చేశాను. అప్పుడు చెప్పాడు, మోకాలి లోపల లిగమెంటు చిరిగిందని. ఆ సంగతి తనకీ, హైదరాబాదులో డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదట. టీములో తొడ కండరం పట్టేసిందని చెప్పి సీజను చివరి మ్యాచ్‌లు బెంచీ మీద గడిపాడట. నాకు చెప్పింది కూడా సానుభూతి కోసం కాదు. ఆపరేషను ఖర్చు టాక్సులో తగ్గుతుందా లేదా అని అడగడానికి.

తగ్గదని చెప్పాను. చెప్పాక చాలాసేపు నా మీద నాకే కోపం వచ్చింది. నాకున్న క్లయింట్లలో ఎక్కువమంది వన్ టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు. అక్కడ గోడౌన్ల మధ్య మా అబ్బాజాన్ నడిపిన చిన్న టాక్సు ఆఫీసే తర్వాత నాకు వచ్చింది, నేను దాన్ని పటమటకి మార్చాను. ఆ వ్యాపారుల లారీ పాతబడితే ఏటా తరుగుదల రాసి ఆ మేరకి టాక్సు తగ్గిస్తాను. ప్రింటింగ్ ప్రెస్సు ఆయన మెషీనుకి బేరింగు మారిస్తే ఖర్చు కింద చూపిస్తాను. ఇతని సంపాదనంతా ఆ మోకాలి మీద ఆధారపడి ఉంది. దానికి మాత్రం తరుగుదల లేదు, మరమ్మతు ఖర్చు లేదు. పైగా అతను ఏడెనిమిదేళ్ళలో సంపాదించేదే జీవితానికంతటికీ. ఆ ఏడెనిమిదేళ్ళూ పెద్ద శ్లాబులో కడతాడు, తర్వాత పాతికేళ్ళు ఏ శ్లాబులోనూ ఉండడు. చట్టం రాసినవాళ్ళు చిన్నప్పుడు ఆటల పీరియడ్‌లో క్లాసులో కూర్చుని లెక్కలు చేసుకున్నవాళ్ళని నా అనుమానం.

దెబ్బ దాచిపెట్టడం తప్పు కాదా అంటే, తప్పే. డబ్బు పెట్టి కొనేవాడికి నిజం తెలియాలి. ఆ మాట అతనితోనూ అన్నాను. ఆపరేషను ఇప్పుడు చేయించుకుంటే సీజను నాటికి కోలుకుంటానని డాక్టరు చెప్పాడనీ, మధ్యలో టీములు ఆటగాళ్ళని కొనుక్కునే వేలం ఉందనీ, ఆ లోపు సంగతి బయటికి పొక్కితే తన పేరు పిలిచినప్పుడు ఒక్క టీము కూడా చెయ్యెత్తదనీ అన్నాడు. ఆపరేషనుకీ, ఆట లేని నెలలకీ కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాడు. అది కాక మిగిలింది పెద్దగా లేదు. పోయిన వేలంలో అతను నలభై లక్షలు పలికాడని పేపర్లో వచ్చింది. ఆడని మ్యాచ్‌లకి కోత, మేనేజరు వాటా, ఫిజియో, ప్రయాణాలు, చివరికి టాక్సు పోగా చేతికొచ్చిందెంతో నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

కంకిపాడు రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో మా క్లయింటు ఇంటి పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా టేబులు దగ్గర కూర్చున్నవాళ్ళంతా ఈ ఆటగాడి ఊరి రైతులే. మాట ఎలాగో అతని మీదికి వెళ్ళింది. చదువు మానేసి కూత పెట్టుకుంటూ తిరిగాడు, ఆటలాడి ఏం బాగుపడతాడని ఒకాయన అన్నాడు. పక్కాయన నవ్వాడు. నాకు చర్రున మండింది. నోరు అదుపులో పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"మీ ఊరి కుర్రాడు ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నాడండీ. ఈ టేబులు దగ్గర కూర్చున్న మీరందరూ కలిసి ప్రభుత్వానికి కట్టేది ఆ నీళ్ళ సీసా మీద జీఎస్టీయే" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నేను కూడా మురిసిపోయాను. ఎదురుగా ఉన్నాయన మాత్రం నవ్వకుండా, ముప్ఫై అంటే వందకి ముప్ఫైయేనా అని అడిగి తెలుసుకున్నాడు. మా అబ్బాజాన్ ఫైళ్ళ మీద పేర్లు రాసేవాడు కాదు, నంబర్లు వేసేవాడు. పక్కపక్క షాపులవాళ్ళు వచ్చి కూర్చునేచోట ఒకరి ఫైలు ఇంకొకరి కంట పడకూడదని ఆయన పట్టుదల. నేనూ నంబర్లే వేస్తున్నాను. పెళ్ళి భోజనంలో మాత్రం ఫైలు విప్పి పెట్టాను.

నెల తిరగకుండా అతను నా ఆఫీసుకి వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించాడు. వాళ్ళ ఊళ్ళో తిరునాళ్ళ కబడ్డీ పోటీలు. మైకు ముందు కమిటీ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఊరికి ఇండోర్ స్టేడియం మంజూరయిందట. ప్రజల వాటా కింద ఊరివాళ్ళు కొంత జమ చేస్తే, మిగతాది ప్రభుత్వం పెడుతుంది. మా వైపు చందా ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదవడం ఆచారం. ఒకసారి చదివాక ఇక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు, ఇంటి పరువు దాంట్లో పడుతుంది. పెద్దాయన అందరికంటే ముందు ఇతని పేరు చదివాడు. పన్నెండు లక్షలు. చప్పట్లు, ఈలలు, వెనకాల ఎవరో టపాకాయలు కూడా కాల్చారు. ఇతను ఆ వేళ ఊళ్ళో లేడు. ఇతన్ని ఎవరూ అడగలేదు.

నన్ను అతను అడిగిన ప్రశ్న ఇదీ: "మేడమ్, నేను కట్టే టాక్సు మా ఊరి స్టేడియానికి కట్టొచ్చాండి?"

పెద్దాయన అలాగే చెప్పాడట. నీ చేతి నుంచి పైసా అక్కర్లేదు, ఎలాగూ ప్రభుత్వానికి కట్టేదే కదా, స్టేడియమూ ప్రభుత్వానిదే, ఢిల్లీలో కట్టే ముప్ఫై శాతం ఇక్కడే కట్టు అని. నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ పెద్దాయన ఆలోచనలో మోసం లేదు. డెల్టాలో కాలవకి పూడిక తీయాలంటే రైతులే తలా కొంత వేసుకుని పొక్లెయిను పిలిపించడం, తర్వాత ఆ మేరకి నీటి తీరువాలో తగ్గించమని ఆఫీసు చుట్టూ తిరగడం వాళ్ళకి అలవాటే. జీవితంలో ఎన్నడూ ఇన్‌కమ్ టాక్సు కట్టని మనిషి ఇన్‌కమ్ టాక్సుని కూడా అలాగే అనుకున్నాడు. నలభైలో ముప్ఫై శాతమంటే పన్నెండు. ఆ లెక్కలో పెద్దాయన తప్పు లేదు.

"ముప్ఫై శాతమని వాళ్ళకి ఎవరు చెప్పారో" అన్నాడు ఆటగాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

నేను ఫైల్లో కాగితం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఆ కాగితం నా ఎదురుగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, అతను కాదనలేడు. టాక్సు మళ్ళించడం కుదరదంటే, పోనీ సొంత డబ్బు ఇవ్వమంటారు. సొంత డబ్బు లేదంటే నలభై లక్షలు ఏమయ్యాయంటారు. ఆపరేషనుకి దాచానంటే ఆ సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది, మర్నాడు టీముల దగ్గర ఉంటుంది. ఇస్తే మోకాలు బాగుపడదు, ఇవ్వకపోతే ఊళ్ళో వాళ్ళమ్మ తలెత్తుకుని తిరగలేదు. వచ్చి నేనే వాళ్ళకి చెబుతానన్నాను. అతను చాలా సంతోషించాడు. ఆ సంతోషం చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆదివారం పొద్దున అతన్ని నా కార్లో ఎక్కించుకుని వెళ్ళాను. పది గంటలకి అధికారులు వస్తారని, వాళ్ళ ముందు మళ్ళీ పేర్లు చదువుతారని తెలిసి, మేము తొమ్మిదింటికే చేరుకున్నాం. మైదానంలో చెక్కల స్టేజీ వేశారు. పక్కన స్టేడియం బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆర్చి గేటు, రెండు వైపులా గ్యాలరీ, ముందు వరసలో వీఐపీ కుర్చీలు అన్నీ ఉన్నాయి. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది కోసం వెతికాను, కనిపించలేదు. విజయవాడలో ఆటల కంటే ఎగ్జిబిషన్లూ సభలూ ఎక్కువ జరిగే మైదానంలో, షామియానా గుంటల మధ్య పిల్లలు పరుగు ప్రాక్టీసు చేయడం చూసినదాన్ని కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఆర్చికి డబ్బు దొరికినంత తేలిగ్గా ఆటగాడికి దొరకదు.

కమిటీ పెద్దాయన డెబ్బై దాటినవాడు, ఒకప్పుడు తనూ జిల్లా జట్టుకి ఆడినవాడు. స్టేజీ మీద కుర్చీ వేసి నన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు. శ్లాబులంటే ఏమిటో, టాక్సు ముందే కోసుకుని ఇస్తారనీ, ఇంకా పైన ఇతనే కట్టాలనీ, కట్టేది ఏ ఊరికీ మళ్ళించడానికి వీల్లేదనీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. రిఫండ్ తెప్పించొచ్చుగా అన్నాడు. కుదరదన్నాను. కాసేపు ఆలోచించి, పన్నెండు పోయినా ఇంకా ఇరవై ఎనిమిది ఉంటుంది కదా, అందులోంచి ఊరికోసం ఎంతివ్వగలడని ఆటగాణ్ణే అడిగాడు.

"ఈ ఏడాది కుదరదు బాబాయ్" అన్నాడు అతను.

ఎందుకని అడిగితే ఫ్లెక్సీ వైపు తల తిప్పుకున్నాడు. చుట్టూ ఉన్న కమిటీ వాళ్ళ ముఖాలు మారాయి. డబ్బొచ్చాక ఊరు కనబడట్లేదని ఒకాయన వినబడేట్టే గొణిగాడు. అప్పుడే కింద నుంచి ఆడపిల్లల జట్టు ఒకటి ఫోటో కోసం అతన్ని పిలిచింది. అతను లేచి స్టేజీ దిగాడు. నాలుగే మెట్లు. ప్రతి మెట్టుకీ ముందు కుడికాలు పెట్టి, ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుంటూ, చేత్తో గుంజ పట్టుకుని దిగాడు. అందరూ అతని ముఖం చూస్తున్నారు. పెద్దాయన కాళ్ళు చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"ఏంటండీ?" అన్నాను.

ఆయన రెండోసారి అడగలేదు. పంచె సర్దుకుని తన మోకాలి మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు.

పది దాటాక అధికారులు వచ్చారు. పెద్దాయన మైకు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు ఏం చదువుతాడోనని కుర్చీ అంచుకి జరిగాను. లేచి నిలబడి, తప్పు నాది, ముప్ఫై శాతమని వాగింది నేను అని చెప్పాల్సిన చోటు అదే. నేను లేవలేదు.

"తిరునాళ్ళలో చదివిన పేర్లలో ఒక పొరపాటు జరిగిందండి. మన కుర్రాడు ఏమీ రాయించలేదు. ఎవరో అన్నది విని నేనే పేరు వేసుకుని చదివేశాను. అతనికి తెలియదు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనొద్దు."

మరి ఆ పన్నెండు లక్షలు ఎవరివని కింద నుంచి ఎవరో అడిగారు. ఎవరివీ కావు, మళ్ళీ మొదటి నుంచి వేసుకుందామన్నాడు. అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాటా నిండకపోతే స్టేడియం ఇంకో ఊరికి పోవచ్చని వాళ్ళలో ఒకరు మైకులోనే గుర్తు చేశారు. పెద్దాయనకి వయసు మీద పడింది, కమిటీ మార్చాలన్న మాటలు నా వెనక కుర్చీల్లో అప్పుడే మొదలయ్యాయి. ఆయన విన్నాడు. వినీ, తీరిగ్గా తర్వాతి పేరు చదవడం మొదలుపెట్టాడు. ఆ స్టేడియం కోసం ఆయన ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్ళు తిరిగాడో పొద్దున తనే చెప్పాడు. అంతా తెలిసి, మోకాలి గురించి రెండో ప్రశ్న అడగకుండా, ఆయన ఆ మాట అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో కంకిపాడు దాటాం. అతని ముఖం తేటపడింది. బుధవారం హైదరాబాదు వెళ్ళి ఆపరేషను తేదీ ఖాయం చేసుకుంటానని తనే అన్నాడు. ఇక దాచుకోలేకపోయాను. పెళ్ళిలో ముప్ఫై శాతం మాట అన్నది నేనేనని, నిన్ను తక్కువ చేసి మాట్లాడితే కోపమొచ్చి అన్నానని చెప్పాను. నిజం చెబుతున్నాను, చెప్పేటప్పుడు నాకు క్షమాపణ దొరుకుతుందన్న ధీమా ఉంది. పర్లేదు మేడమ్ అంటాడనుకున్నాను.

అతను పొలాల మీది నుంచి చూపు మళ్ళించి నా వైపు తిరిగాడు.

"మీరు నా మీద అభిమానంతోనే అన్నారండి, నాకు తెలుసు. కానీ నాకు ఆట ఇంకో మూడేళ్ళు ఉంటుందో లేదో. ఈలోపు నా సంగతి ఒక్కచోటన్నా ఆగాలి కదండీ. నా ఫైలు ఇచ్చేయండి మేడమ్."

గొంతులో కోపం లేదు. ఉంటే వాదించేదాన్నేమో. రేపే పంపిస్తానన్నాను. బెంజి సర్కిల్ దగ్గర దిగుతానన్నాడు. కారు ఆపాను. తలుపు పట్టుకుని, ముందు కుడికాలు జాగ్రత్తగా నేల మీద ఆనించి దిగాడు. నమస్కారం పెట్టి, పెద్దాయనకి ఫోను చేసి మన ఇద్దరి తరఫునా థాంక్స్ చెబుతానన్నాడు. ఆపరేషను ఏ రోజో నాకు కూడా ఒక మెసేజ్ పెట్టమని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చిన ఆ మాటని ఆపుకున్నాను. ఆ కబురు తెలుసుకునే మనిషిని ఇక నేను కాదు.