లప్పం మేస్త్రీ బొటనవేలు

కిటికీలకు అద్దాలు బిగించడం ఆయన వృత్తి. అద్దం చుట్టూ లప్పం దట్టించి రేకుతో ఒక్క గుంజు గుంజారంటే అంచు నున్నగా తేలుతుంది. ఊరంతా ఆయన్ని లప్పం మేస్త్రీ అంటారు. ఆయనకది బిరుదు. భార్యకు మాత్రం ఆ పిలుపు వింటే తల కొట్టేసినట్టుంటుంది.

పని ముగిశాక ఒక మూల బొటనవేలితో చిన్నగా నొక్కి వదలడం ఆయన అలవాటు. లప్పం పట్టిందో లేదో చూడటానికట. "సంతకం రానివాడు వేలిముద్ర వేసి పోయాడనుకుంటారు జనం," అంటుంది భార్య. ముప్పయ్యేళ్ళుగా ఎవరి మాట మీద వాళ్ళే ఉన్నారు.

ఆ ఏడు చుట్టుపక్కల తొమ్మిది దేశాల కుర్రకారు ఆటల పోటీలు వాళ్ళ ఊళ్ళో పడ్డాయి. లాంగ్ జంప్‌లో దూకే పలకను ఆనుకుని మెత్తటి బంకపట్టీ ఒకటి ఉంటుంది. పలక దాటి మేకుల బూటు పడితే దాని మీద గుర్తు దిగుతుంది. గుర్తు దిగితే ఆ జంప్ చెల్లదు. దిగినప్పుడల్లా పట్టీని మళ్ళీ చదును చేయాలి. జడ్జీగా ఉన్న డ్రిల్లు మాస్టారికి తన ఇంటి కిటికీలు గుర్తొచ్చి మేస్త్రీని పిలిపించారు. తెల్ల టోపీ ఇచ్చారు, మెడలో కార్డు వేశారు. ఆ కార్డుతోనే ఆయన రెండు రోజులు కూరగాయలకు కూడా వెళ్ళొచ్చారు.

"ముందే చెబుతున్నా మాస్టారూ, మా చెల్లెలి కూతురు కూడా దూకుతోంది."

"దూకేది తను, చదును చేసేది మీరు, చూసేది నేను. మధ్యలో చుట్టరికానికి పనేముంది?"

పోటీ రోజు పొద్దున భార్య ఆయన బొటనవేలికి గుడ్డపీలిక కట్టి మరీ పంపింది. ఉక్కపోతకు తాళలేక నాలుగో విడతలోనే దాన్ని విప్పి జేబులో కుక్కుకున్నారు.

ఆఖరి విడత వచ్చేసరికి మేనకోడలు మూడో స్థానంలో ఉంది. అలాగే నిలిస్తే పతకమే. ఆరేళ్ళుగా చెల్లెలు తెల్లవారగానే పిల్లను మైదానానికి తెచ్చి, గట్టు మీద కూర్చుని కూరలు తరుక్కుంటూ పరుగులు లెక్కపెట్టింది. ఇవాళ కూరలు లేవు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక చీర కొంగు మెలిపెడుతోంది.

నాలుగో స్థానంలో ఉన్న పొరుగుదేశపు పిల్ల పరుగెత్తుకొచ్చి దూకింది. చాలా దూరం వెళ్ళి పడింది. మాస్టారు పలక మీదకు వంగి చూసి, ఎర్రజెండా ఎత్తారు. స్టాండులో చెల్లెలు టపటపా చప్పట్లు కొట్టి, అంతలోనే మర్యాద గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల ఇసుక పక్కనే మోకాళ్ళలో తల దాచుకుంది.

మేస్త్రీ రేకు పట్టుకుని వంగారు. పట్టీ మీద గుండ్రటి గుంట, దాని నడుమ ఏటవాలుగా ఒక గీత. ఎప్పుడో అద్దం కోసిన మచ్చ. ఇంతసేపూ జాగ్రత్తపడి, అంతకు ముందు జంప్ తరువాత చదును చేశాక అలవాటుకొద్దీ తన వేలే ఆనించారు!

అవతల దంతె పట్టుకున్నవాడు ఇసుక సర్దడానికి అడుగు వేస్తున్నాడు. వాడు అక్కడ దంతె లాగి ఆ పిల్ల పడ్డ గుర్తు చెరిపేసి, తను ఇక్కడ రేకు గుంజితే సరి, ఇంటికి పతకం వస్తుంది.

"ఆగు! ఇసక ముట్టుకోకు!" అని కేకపెట్టారు మేస్త్రీ.

"ఏమైందండీ?" అన్నారు మాస్టారు.

"ఇది ఆ పిల్ల బూటు కాదు. నా వేలు."

"మీ వేలికి ఇక్కడేం పని?"

"అలవాటండీ."

మాస్టారు చతికిలబడి, ఆయన బొటనవేలిని పట్టుకుని గుంటలో పెట్టి చూశారు. మచ్చతో సహా సరిగ్గా దిగింది. పట్టీ మీద ఇంకే గుర్తూ లేదు. "పదేళ్ళుగా మా కిటికీల మీద దీన్నే చూస్తున్నా, నా బుర్రకు తట్టలేదు చూడండి," అంటూ తెల్లజెండా ఎత్తారు. కొలిచారు. మేనకోడలి జంప్ కన్నా మూడు సెంటీమీటర్లు ఎక్కువ.

మేనకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని దగ్గరకొచ్చింది.

"మామయ్యా, అమ్మ చూస్తోంది."

"తెలుసమ్మా."

"ఇంక నువ్వు మా ఇంటి ఛాయలకు కూడా రాకు."

"ముందు దూకు. మూడు సెంటీమీటర్లేగా."

"నీకేం, కూర్చుని ఎన్నయినా చెబుతావ్!"

వెనక్కి వెళ్ళి, రెండుసార్లు తొడలు చరుచుకుని, దూసుకొచ్చి దూకింది. స్టాండంతా లేచి నిలబడింది. అంత దూరం మేనకోడలు ఎన్నడూ పోలేదు. మాస్టారు పలక చూశారు. చాలాసేపు చూశారు. ఎర్రజెండా.

ఒంటి ఇసుక దులుపుకోకుండానే వచ్చి మామయ్య పక్కన కూలబడింది.

"సరిగ్గా చూడు మామయ్యా. ఇదీ నీదేనేమో!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే చూశారు. తనదైతే బాగుండునని ఆయన జన్మలో దేన్నీ అంతగా కోరుకోలేదు. వరసగా నాలుగు చిల్లులు.

"నా వేలికి మేకులు లేవమ్మా," అన్నారు.

ఆ పిల్ల పెదవి వణికింది, వెంటనే ఫక్కున నవ్వొచ్చింది. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక ఆయన టోపీ లాక్కుని ముఖం మీదకు దించుకుంది. స్టాండులోంచి చెల్లెలు "అన్నయ్యా!" అని ఒక్క అరుపు అరిచింది. అందులో ఏమేమి ఉన్నాయో ఇంటికెళ్ళాక తీరిగ్గా తెలుస్తాయి.

ఇంకా ఇద్దరు దూకాల్సి ఉంది. ఎండ బోడినెత్తి మీద మాడుస్తుంటే ఆయన వంగి, ఆ నాలుగు చిల్లులూ పూడ్చసాగారు.