ఆంటీ గరాజులో ఆగిన నీళ్లు

మా పక్కింటి ఆంటీ పోయారు. జనవరిలో ఒక పొద్దున నేను ఆఫీసు కాల్‌లో ఉండగా అంకుల్ వచ్చి మా తలుపు కొట్టారు. బయట వాన, ఆయన ఒంటి మీద జాకెట్ లేదు. "బిడ్డా, ఆమె లేస్తలేదు. జర రా," అన్నారు. నేను వెళ్లేసరికే చేయగలిగింది ఏమీ లేదు. అంబులెన్సు వాళ్లూ అదే చెప్పారు. ఆ వారమంతా నేను తెలిసి చేసిన పనులేవీ ఎవరికీ అక్కరకు రాలేదు. తెలియక చేసిన పని ఒకటుంది, దాని సంగతీ చెబుతాను.

ఇక్కడ అమెరికాలో, మా బాతెల్ ఊళ్లో మన కూరగాయలు పండించాలని తంటాలు పడ్డవాళ్లకు ఆంటీని పరిచయం చేయక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, ఆవిడ చాలా ఏళ్లు ఒక వైద్య పరికరాల కంపెనీలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టారు. రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోలేదు. గరాజులోంచి రెండు కార్లనూ బయటికి గెంటి, లోపల తోట పెట్టారు. "నా కారు వానల తడుస్తది, ఆమె దొండపాదు హీటర్ కాడ పండుకుంటది," అని అంకుల్ వచ్చినవాళ్లందరికీ ఫిర్యాదు చేసేవారు. మళ్లీ ఆ దొండకాయ వేపుడే రెండుసార్లు వడ్డించుకునేవారు.

దుకాణంలో దొరికే లైట్లు చూస్తే ఆంటీ ముక్కు విరిచేవారు. పాత బేకింగ్ ట్రేలు బోర్లించి, వాటికి ఎల్ఈడీ పట్టీలు అతికించి, తీగలకు తనే టంకం పెట్టి, ట్రేలను గొలుసులతో పైకప్పుకు వేలాడదీశారు. ట్రేలెందుకు ఆంటీ అంటే, "లైటుకు వేడి ఎక్కితే జల్ది పోతది. ట్రే ఆ వేడిని గుంజుకుంటది," అన్నారు. ఎరుపు, నీలం లైట్లు కలిసి గరాజంతా ఊదారంగులో మెరిసేది. మా పాప ఆవిడని పర్పుల్ అమ్మమ్మ అనేది.

నీళ్ల ఏర్పాటు ఇంకా ముచ్చటగా ఉండేది. మూతున్న బకెట్లో చేపల తొట్టికి వాడే చిన్న పంపు, దాన్నుంచి సన్నటి నల్లగొట్టాలు, ఒక్కో కుండీకి ఒక్కో కొస. రోజుకు రెండుసార్లు టైమర్ దానంతట అదే నీళ్లు వదిలేది. ఏ కుండీకి ఎంత పడాలో ఆవిడ అరచేత్తో కొలిచేవారు. కొస కింద చెయ్యి పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు. "ఇరవై లోపల చెయ్యి నిండితే ఎక్కువైనట్టు. నలభై దాటితే తక్కువైనట్టు. అంతే బిడ్డా, దీనికి చదువెందుకు?"

నాకు చదువుంది, ఓపికే లేదు. ఆవిడ ఇచ్చిన దొండపాదుకు పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు పోసి, రెండు నెలల్లో వేరు కుళ్లబెట్టాను. ఇంకోటి ఇచ్చారు. దాన్నీ అలాగే చంపాను. మూడోసారి కుండీ పట్టుకుని వెళితే ఆవిడ కోప్పడలేదు. "నువ్వు చెంబుతోటి ప్రేమ చూపిస్తవ్. మొక్కకు చుక్క చాలు," అంటూ మూడోదీ ఇచ్చారు. అదీ నా దగ్గర దక్కలేదు. అప్పటినుంచి నా పేరే చెంబు అయిపోయింది. "ఏం చెంబూ, ఆఫీసు అయిపోయిందా?" అని కంచె అవతలినుంచి కేకేసేవారు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

చలికాలం సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు తమ మొక్కలను ఆంటీ గరాజులో దించి వెళ్లడం ఇక్కడ ఆనవాయితీ. దొండ, కరివేప, మిరప, ఎవరికి ఏది ప్రాణమైతే అది. ఆవిడ కుండీలకు మాస్కింగ్ టేపు అంటించి తన భాషలో రాసుకునేవారు. "కవలపిల్లలోళ్లు", "నీలం కారోళ్లు", "మాటలు ఎక్కువ". ఆ మూడో కుండీ ఎవరిదో అందరికీ తెలుసు, ఆ మనిషికి తప్ప.

ఇక నా సంగతి. ఆంటీ పోయిన రోజు ఇల్లంతా జనం. పోయినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని ఒక పెద్దావిడ అన్నారు. వచ్చినవాళ్లు కూరలు తెచ్చారు గానీ అన్నం సరిపోలేదు. గరాజు ఇంటి లెక్కలోకి రాదు, అక్కడ రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చని ఆ పెద్దావిడే తీర్పిచ్చారు. నేను కుక్కర్ పట్టుకెళ్లి, గోడకున్న ప్లగ్గుల్లో ఒకటి పీకి, దాన్ని పెట్టాను. అదేం ప్లగ్గో చూడలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి నాకే కాదు, ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం కుక్కర్ ఎవరిదో వాళ్లు తీసుకెళ్లారు. పీకిన వైరు మడత కుర్చీల వెనక పడిపోయింది.

పదకొండో రోజు కుర్చీలు తీస్తుంటే మొక్కలన్నీ ఎండిపోయి కనిపించాయి. ఆకు ముట్టుకుంటే పొడి అయింది. అంకుల్ బకెట్ మూత తీశారు. ఆంటీ నింపిన నీళ్లు అలాగే ఉన్నాయి. ఆయన మూత మళ్లీ పెట్టేసి, "ఆమెతోటే పంపు గూడ పాయె," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు కుర్చీల వెనక నేను పీకిన వైరు కనిపించింది. దాని పక్కనే చిన్న కుండీలో చేతివేలంత దొండకొమ్మ, మోడై ఉంది. టేపు మీద "చెంబు" అని రాసి ఉంది. ఈ చలికాలం నేను దాచమని మొక్కేదీ ఇవ్వలేదు. నాకు చెప్పకుండా నాలుగోది నాటారు.

అప్పుడే చెప్పాల్సింది. కుర్చీలు ఎత్తుకుని బయటికి నడిచాను. ఆ సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఆంటీతో పాటే పంపూ ఆగిపోయిందన్న మాట, కింద దండాల బొమ్మలు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఖాళీ కుండీలు పట్టుకెళుతూ, "మనిషే పోయాక మొక్కలెంత లెండి," అన్నారు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ముదురు పాదులు దుంపనుంచి చిగురిస్తాయేమోనని రోజూ వెళ్లి వేలితో మట్టి నొక్కి చూశాను. ఒక్కటీ లేవలేదు. ఆంటీని బతికించడం నా వల్ల కాలేదు సరే, ఆవిడ నాటినవైనా నా చేతిలో బతకలేదు.

మొన్న చెత్తబండి వచ్చే రోజున అంకుల్ నిచ్చెన వేసుకుని, ట్రేలు కట్టిన గొలుసులు విప్పుతున్నారు. రెండు ట్రేలు అప్పటికే డ్రైవ్‌వే మీద ఉన్నాయి. నేను పరుగెత్తాను.

"ఎందుకు అంకుల్?"

"ఖరాబైన సామాను బిడ్డా. ఇన్నేండ్లల్ల ఆమె చేసింది ఏదీ ఫెయిల్ గాలే. ఇదొక్కటి అయింది. సూడబుద్ధి అయితలేదు."

ఇక దాచలేకపోయాను. "అంకుల్, పంపు పాడవలేదు. ఆ రోజు ప్లగ్గు పీకింది నేనే. రైస్ కుక్కర్ కోసం."

ఆయన నిచ్చెన దిగారు. అరుస్తారనుకున్నాను. "ఏ ప్లగ్గు?" అని మాత్రం అడిగారు. చూపించాను. వంగి, వైరు అందుకుని, తనే గోడకు పెట్టి, టైమర్ బిళ్లను చేత్తో తిప్పారు. పంపు సన్నగా మూలిగింది. గొట్టాల్లో గాలి గుడగుడలాడింది. తర్వాత ఖాళీ కుండీల్లో, ఎండిన కుండీల్లో, కుండీలే లేని చోట నేల మీద, అన్నిచోట్లా నీళ్లు పడసాగాయి.

"నడుస్తుంది," అన్నారు ఆయన. ఆ మాట రెండుసార్లు అన్నారు. "అందరికి చెప్పు బిడ్డా. నీ సంగతి చెప్తవో లేదో నీ ఇష్టం. ఆమె పంపు ఆగలేదని మాత్రం చెప్పు."

అందుకే ఇది రాస్తున్నాను. రెండూ చెప్పేశాను.

అంకుల్ ఒక స్టూలు లాక్కుని "చెంబు" అని రాసిన కుండీ ముందు కూర్చున్నారు. దాని కొస కింద అరచెయ్యి పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. ముప్ఫైకి చెయ్యి నిండింది. ఆయన చెయ్యి తియ్యలేదు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి ఎండిన మట్టి మీదికి జారుతూనే ఉన్నాయి.