కిటికీ పక్క చోటు

లాటిన్ మాస్టారు సుద్దముక్కను కూడా సిరాకలంలాగే పట్టుకుంటారు, చిటికెనవేలు పైకెత్తి. కోటు జేబుల అంచులు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. క్లాసులోకి రాగానే కిటికీ ఓరగా తెరిచి, బోర్డు మీద 'వచ్చు' అనే లాటిన్ క్రియ రాసి, దాన్నుంచి పుట్టే విశేషణాలు అడుగుతారు. మొదటి బెంచీ పిల్ల "వెనియెన్స్, అంటే వస్తున్న" అంటుంది. "వచ్చిన అనడానికి మాత్రం ఈ భాషలో రూపం లేదర్రా, ఏం చేస్తాం!" అని ఆయన రోజూ నవ్వుతారు. తర్వాతి రూపం కిటికీ పక్కనున్న ఖాళీ చోటుని అడుగుతారు. అక్కడ ఆయన కూతురు కూర్చునేది. కిందటేడు జ్వరంతో చనిపోయింది. మాస్టారు చెవి ఒగ్గి, జవాబు చెప్పడానికి పట్టేంతసేపు ఆగి, "వెంతూరా, రాబోతున్న. బాగా చెప్పావు తల్లీ" అని బోర్డు మీద రాస్తారు. పిల్లలకిది అలవాటైపోయింది.

మొన్న కొత్తగా చేరినమ్మాయి తెలియక అక్కడ కూర్చుంది. మాస్టారు అటు తిరిగి అడిగారు. పిల్ల లేచి నిలబడేసరికి, ఆయన తలాడించి బోర్డు మీద రాసేస్తున్నారు.

"సార్, నేనింకా చెప్పలేదండీ!"

"నిన్నడగలేదమ్మా," అన్నారాయన, వెనక్కి తిరగకుండానే, ఎంతో మెత్తగా. "కొంచెం పక్కకి జరిగి కూర్చో. పాపం, దానికి చోటు చాలడం లేదట."

కొత్తపిల్ల జరిగి కూర్చుంది. ఆ తర్వాత ఖాళీ అయిన కిటికీ వైపు బెంచీ కిర్రుమంది. వెనక బెంచీ పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండానే, ఆ చోటు కిందకి చాపుకున్న కాళ్లు మెల్లగా వెనక్కి తీసుకుంది.