‘అనుమానం’లో మిగిలిన పాట

సార్ పోయారన్న వార్త స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఒకే వాక్యం, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మొదట పంపింది ఎవరు, వాళ్ళకు చెప్పింది ఎవరు అని పైకి జరిపి చూశాను. పంపిన టీచరుకు ఇంకో టీచరు చెప్పిందట. ఆమెకు ఎవరో ఫార్వర్డ్ చేశారట. రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. కడపలో ఉన్న ఆయన కొడుకుతో తానే మాట్లాడానని, సెలవుకు వెళ్ళిన పదో రోజున గుండె ఆగిపోయిందని అక్కడి మేడమ్ చెప్పాకే కుర్చీలో కూర్చున్నాను. ఇంత నిదానంగా నమ్మడం నాకు నేర్పింది ఆయనే.

ఆయన మా స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ సార్. నేను పక్కగదిలో లైబ్రరీ అసిస్టెంటును. దుబాయ్‌లో మాది ఇండియన్ స్కూలు. పిల్లల డ్రిల్లూ డాన్సులూ వీడియో తీసి స్కూలు పేజీలో పెడతారు. ఒక ఏడాది సినిమా పాట వాడితే హక్కుల గొడవ వచ్చి వీడియో మూగదైపోయింది. పిల్లలు నిశ్శబ్దంగా గెంతుతున్న ఆ వీడియో చూసి ప్రిన్సిపాల్ మేడమ్, ఇకమీదట ఎవరూ అడ్డుచెప్పని పాటలు మీరే వెతకండి అని సార్‌కు అప్పగించారు.

అప్పటినుంచి ఆయన శుక్రవారాలన్నీ ఆ పనికే పోయాయి. శుక్రవారం మాకు సగం రోజే. అందరూ వెళ్ళిపోయాక ఆయన నమాజుకు వెళ్ళి, ఫ్లాస్కులో పాలు లేని సులేమానీ టీతో తిరిగొచ్చి ల్యాబ్‌లో కూర్చునేవారు. నేనుండేది అక్కావాళ్ళింట్లో. బావగారు ఆఫీసు నుంచి వచ్చి నన్ను కారెక్కించుకునేదాకా నేనూ స్కూల్లోనే ఉండేదాన్ని. ఎక్కడెక్కడి కొత్త గాయకులో తమ పాప్ పాటలు, సోల్ పాటలు ఉచితంగా దింపుకోమని పెట్టే పేజీలు ఆయన ఒక్కొక్కటే తెరిచేవారు.

మొదట్లో నాకు ఆయన మీదే అనుమానం. యాభై దాటిన కడప మనిషికి ఇంగ్లీషు సోల్ పాటలతో ఏం పని? ఒకరోజు, విని చూడమని ఇయర్‌ఫోన్ ఒకటి నా వైపు చాపారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మరుసటి శుక్రవారం విప్పని ప్యాకెట్టులో కొత్త ఇయర్‌ఫోన్లు బల్ల చివర పెట్టి, తన కుర్చీ దూరంగా జరుపుకున్నారు. వాటిని నేను మూడు వారాల తర్వాత విప్పాను.

ఆయన పాఠం చిన్నది. “పెద్దగా, పచ్చగా మెరిసేది నొక్కద్దు పాపా. అది ప్రకటన. అసలుది ఎప్పుడూ కింద చిన్నక్షరాల్లో ఉంటాది.” ఇంకొకటి, “ఊరికే ఇస్తాండాడంటే, ఏంటికి ఇస్తాండాడో అడుగు.” ఒకడికి మన ఈమెయిల్ కావాలి. ఇంకొకడు వేరేవాళ్ళ పాటను తనదని పంచుతాడు. మరొకడు ఈ నెల ఇచ్చి వచ్చే నెల కేసు వేస్తాడు. వీళ్ళందరినీ తీసేస్తే, ఎవరైనా వింటే చాలని ఇచ్చేవాళ్ళు కొందరు మిగులుతారు. వాళ్ళను ఏరడమే తన ఉద్యోగమని ఆయన అనేవారు, పాఠాలు చెప్పడం దాని తర్వాతేనన్నట్టు.

నచ్చిన ప్రతి పాటకూ, పెట్టినవాళ్ళకు ఈమెయిల్లో ఉత్తరం రాసేవారు. మూడే ప్రశ్నలు. ఈ గొంతు మీదేనా? మాటలు ఎవరివి? రేపు మీరు మనసు మార్చుకుంటే మేమేం చెయ్యాలి? జవాబును బట్టి పాట ‘సరే’ అనే ఫోల్డరులోకో, ‘వద్దు’లోకో, ‘అనుమానం’లోకో వెళ్ళేది. ‘అనుమానం’లో పడిన పాటను సంవత్సరమైనా కదిపేవారు కాదు, చెరిపేవారూ కాదు.

సోల్ అంటే ఏమిటి సార్ అని ఒకసారి అడిగాను. “పాడేవాళ్ళు యాడ ఊపిరి తీసుకుంటాండారో వినపడితే అది సోల్. దాన్ని శుభ్రంగా తుడిచేస్తే పాప్. రెండూ మంచివేలే.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కాన్వెంటులో చదివేటప్పుడు ప్రార్థన పాటల బృందంలో నేనూ ఉండేదాన్ని. నీ గొంతు పక్కవాళ్ళ గొంతులో కలవడం లేదని సిస్టర్ నన్ను పుస్తకాలు పట్టుకునే పనికి మార్చారు. అప్పటినుంచి నేను ఎవరి ముందూ పాడలేదు. సార్ చెప్పింది విన్నాక ఒక శుక్రవారం, ఆయన నమాజుకు వెళ్ళిన సమయంలో, లైబ్రరీ తలుపు వేసి, నేను రాసుకున్న ఇంగ్లీషు మాటలకు బాణీ కట్టి ఫోనులో పాడుకున్నాను. తాళం లేదు, వాద్యం లేదు. లండన్‌లో ఉండే ఎవరో అమ్మాయి పేరు కల్పించి, ఉచితంగా తీసుకోవచ్చని రాసి, ఎవరూ రారనిపించిన ఒక పేజీలో పెట్టాను.

ఐదు వారాలకు నాకు సార్ నుంచి ఉత్తరం వచ్చింది. అంటే, లండన్ అమ్మాయికి వచ్చింది. మూడు ప్రశ్నలు. గోడకు అవతల ఆయన కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. జవాబు రాశాను. గొంతు నాదే, మాటలు నావే, మనసు మార్చుకోను.

సోమవారం ఆయన లైబ్రరీకి వచ్చారు, ముఖం ముడుచుకుని.

“ఒక పిల్ల దొరికింది పాపా. బాగా పాడతాంది. కానీ అనుమానం.”

ఎందుకని అడిగాను.

“లండన్ అంటాంది. జవాబు చివర ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అని రాసింది. లండన్‌లో ఎవురమ్మా నాకు విధేయులు?”

పదేళ్ళు సెలవు చీటీలు రాసిన చెయ్యి. దానంతటదే రాసేసింది. నేను నవ్వాలని చూశాను గానీ నవ్వు రాలేదు. ఆయన నా వైపు చూడలేదు. తలెత్తి మా గది ఏసీ వైపు చూశారు. అది నిమిషానికోసారి టక్కుమంటుంది. బాగు చెయ్యమని మెయింటెనెన్సుకు ఆయనే రెండుసార్లు రాశారు. దాని కింద నిలబడి, ఒక టక్కు నుంచి ఇంకో టక్కు దాకా విన్నారు. నా పాటలోనూ ఆ చప్పుడు ఉంది. అది నాకు తెలుసు. ఆయనకూ తెలిసిపోయిందా? ఈ అనుమానం నాకిప్పటికీ తీరలేదు.

ఆ ఏడాది స్పోర్ట్స్ డేకి చిన్నపిల్లల డ్రిల్లుకు నెమ్మదైన పాట కావాల్సి వచ్చింది. ఆ పాటయితే సరిపోతుందని సార్ నాతో మూడుసార్లు అన్నారు. ఆమె ఎవరో ఒక్కసారి చెబితే చాలు, ‘సరే’లోకి మార్చేస్తానన్నారు. మీకు ఎవరిమీదైనా అనుమానం ఉందా సార్ అని అడిగాను. అడుగుతున్నప్పుడు నా చెవులు వేడెక్కాయి.

“నాకు తెలిస్తే ఏం లాభం పాపా? గొంతు ఆమెది. ఆమె నోటితో ఆమే చెప్పల్ల.”

నేను పుస్తకాలకు ముద్ర వేస్తూ ఉండిపోయాను. స్పోర్ట్స్ డేకి వేరే పాట వేశారు. సార్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వేసవి సెలవులకు వెళ్ళే ముందు, చదవడానికేమైనా ఇవ్వమని వచ్చారు. ఇచ్చాను. “వచ్చినాక మాట్లాడుకుందాం” అన్నారు. దేని గురించో నేను అడగలేదు.

సెలవులయ్యాక ఆయన స్థానంలో కొత్త సార్ వచ్చారు. పాత సార్‌తో కలిసి పాటలు వెతికినది మీరేనట గదా అని పోయిన శుక్రవారం నన్ను ల్యాబ్‌కు పిలిచారు. మంచి మనిషే, తొందర ఎక్కువ. ‘వద్దు’ ఫోల్డరు అప్పటికే తీసేశారు. ‘అనుమానం’లో ఒక్క పాటే ఉంది. మిగతా వాటి సంగతి సార్ వెళ్ళేముందే తేల్చినట్టున్నారు. దాన్ని కాస్త వేసి విని, దీని హక్కులు ఎవరివో తెలియదు, ఖలాస్, తీసేస్తున్నాను అని కొత్త సార్ ఇంగ్లీషులో చెప్పి మౌస్ మీద చెయ్యి వేశారు.

“అది నాది” అన్నాను.

ఆయన వినిపించుకోలేదనుకుని మళ్ళీ అన్నాను. ఈసారి ఆయన కుర్చీ తిప్పి నన్ను పై నుంచి కింది దాకా చూశారు. ఇందులో లండన్ పేరు ఉంది గదా మేడమ్ అన్నారు. మీదే అనడానికి రుజువు ఏమిటని కూడా అడిగారు. కోపం రాలేదు. అడగవలసిన ప్రశ్నే.

నా దగ్గర కాగితం ఏదీ లేదు. గొంతు సవరించుకుని మొదటి చరణం ఎత్తుకున్నాను. రెండో పాదానికి ముందు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆ శబ్దం గదంతా వినిపించింది. కొత్త సార్ మౌస్ మీది చెయ్యి తీశారు. ల్యాబ్‌లో నాలుగు వరసల తెరలు ఆపేసి నల్లగా ఉన్నాయి. వాటన్నిటిలోనూ నోరు తెరుచుకుని నేనే నిలబడి ఉన్నాను.